పదకొండో అంతస్తులో పొంగిన పాలు

ఆ దేశం పేరు నేను చెప్పకూడదు. మా ఒప్పందం నలభై ఏడో పేజీలో అలా రాసి ఉందట. "కట్టడం గురించి గానీ, కట్టకపోవడం గురించి గానీ కొనుగోలుదారు ఈ దేశం పేరెత్తి మాట్లాడరాదు" అని. కాబట్టి చుట్టూ సముద్రం ఉన్న ఏదో చిన్న దేశం అనుకోండి. కట్టకపోవడం గురించి మాట్లాడకూడదని ముందే రాసుకున్నవాళ్ళు ఇల్లు కడతారని మా ఆయన నమ్మారు చూడండి, ఆ నమ్మకానికి కొబ్బరికాయ కొట్టాలి.

మా ఆయన పేరు త్రిమూర్తులు. ముప్ఫై నాలుగేళ్ళు రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి సబ్ రిజిస్ట్రారుగా రిటైరయ్యారు. కాకినాడలో ఎవరు సెంటు భూమి కొన్నా కాగితాలు పట్టుకుని మా అరుగు మీదకే వచ్చేవారు. "ఈసీ తీశావా? లింకు డాక్యుమెంట్లు చూశావా? హద్దులు కొలిపించావా?" అని వాళ్ళని ఈయన చడామడా కేకలేసేవారు. అంతటి మనిషి, తన సొంత కొనుగోలుకి వచ్చేసరికి, నూట పన్నెండు పేజీల ఒప్పందంలో చదివింది ఒక్క ముక్క. తన పేరు ముందు 'శ్రీ' వేశారా లేదా అని. వేశారు. అంతే, సంతకం పెట్టేశారు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు అంటారే, ఆ బల్లిని నేను నలభై ఏళ్ళ క్రితం పెళ్ళి చేసుకున్నాను.

నా పేరు రత్నమాణిక్యం. ఆర్టీసీ కాంప్లెక్సు ఎంక్వయిరీ కౌంటర్లో ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చున్నాను. "రాజమండ్రి బస్సెప్పుడు" అని రోజుకి ఆరు వందలమంది అడిగితే ఆరు వందలమందికీ జవాబు చెప్పినదాన్ని. నా గొంతు కాస్త పెద్దదిగా వినిపిస్తే ఏమీ అనుకోకండి.

అసలు ఈ విదేశీ ఇంటి పిచ్చి మా పేటలో ఎలా మొదలైందో నాకూ సరిగ్గా తెలీదు. ఒక ఆదివారం కళ్యాణ మండపంలో 'విదేశీ గృహ మహోత్సవం' అని పెట్టారు. పెళ్ళికొడుకు కూర్చునే కుర్చీలో ఒక బొమ్మ భవనాన్ని కూర్చోబెట్టారు. నలభై అంతస్తులు, లోపల చిన్న చిన్న దీపాలు. మే నెల ఎండలో కోటు వేసుకున్న ప్రణీత్ అనే ఏజెంటు మా ఆయన చెయ్యి పట్టుకుని, "సార్, ఇది ఇల్లు కాదు సార్, ఒక స్థాయి" అన్నాడు. అప్పటికి వారం క్రితమే మా చెల్లెలి మొగుడు చిట్టబ్బాయి హైదరాబాదులో విల్లా కొన్నాడు. తోడల్లుడు విల్లా కొన్నాక మగాడికి నిద్ర పట్టదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ స్థాయి కోసం మా డాబా ఇల్లు అమ్మేశారు. రెండే గదులు, అయితేనేం? ఓవర్‌టైములు చేసి, ఇటుక ఇటుకా నేను దగ్గరుండి తడిపించి కట్టించుకున్న ఇల్లది. నేను ఏడ్చాను. "వచ్చే మాఘమాసానికి సముద్రం కనిపించే వంటిల్లు నీ చేతిలో పెడతాను, ఊరుకో" అన్నారు. అద్దె వాటాలోకి మారాం. ఇంటివాళ్ళు పొద్దున్న ఏడింటికల్లా మోటారు కట్టేసేవారు. నాకు సముద్రమూ వద్దు, స్థాయీ వద్దు. ఇంకొకరి ఇంట్లో కన్నుమూయకూడదు, నాది అని చెప్పుకునే ఒక పొయ్యి గట్టు ఉండాలి. నా కోరికల్లా అంతే.

మాఘం వచ్చింది. ఇల్లు రాలేదు. మాది పదకొండో అంతస్తు. భవనం ఏడో అంతస్తు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటోందని ఏజెంటు ఫోనులో చెప్పాడు. సరే, ఆగుదాం అన్నాను నేను. కానీ మా పంతులుగారు పంచాంగం తిరగేసి, "శుక్రమూఢం పట్టేస్తోంది. ఆ వెనకే ఆషాఢం. ఆ పైన మీ ఇద్దరి నక్షత్రాలకీ కుదిరే రోజు కార్తీకం దాకా లేదు" అన్నారు. అవతల చిట్టబ్బాయి విల్లా గృహప్రవేశానికి శుభలేఖ అచ్చు వేయించేశాడు.

"మనది ముందు అయిపోవాలి" అన్నారు మా ఆయన.

"ఇల్లేదండీ?"

"ఇల్లు రేపైనా కడతారు. ముహూర్తాన్ని ఎవడు కడతాడే?"

ఇల్లు లేకుండా గృహప్రవేశం ఎలాగో ఏజెంటు చెప్పాడు. వాళ్ళ కంపెనీలో 'సెంటిమెంట్ ప్యాకేజీ' అని ఒకటి ఉందట. ఇంటి కంటే ముందే ఆ ప్యాకేజీ సిద్ధంగా ఉంది!

విమానమెక్కి వెళ్ళాం. ఆఫీసు గదిలో ఒక మూల పాలు పొంగించుకోండి అన్నారు. మా ఆయన ససేమిరా అన్నారు. పొంగించేది మన వంటింట్లోనే పొంగించాలి, అదీ ఆగ్నేయ మూల. వంటిల్లు ఎక్కడుందని అడిగితే ఇంజనీరు కాగితం చూసి, వేలు ఆకాశం వైపు పెట్టాడు. క్రేన్ తెప్పించారు. దాని బుట్టలో నేను, మా ఆయన, ఏజెంటు, ఒక చిన్న గ్యాసు పొయ్యి, ఇత్తడి గిన్నె, ఫోనులో పంతులుగారు. ఏడో అంతస్తు స్లాబు దాటి ఇంకా పైకి పోయాం. సరిగ్గా పదకొండో అంతస్తు ఎత్తుకొచ్చాక మా ఆయన దిక్సూచి తీసి, "ఇంకాస్త ఎడమకి... ఇది హాలు... ఇంకాస్త... ఆఁ, ఇదే వంటిల్లు, ఆపు!" అని కేకపెట్టారు. చుట్టూ చూశాను. ఒక కొంగ మా వంటింట్లోంచి పడగ్గదిలోకి ఎగిరిపోయింది.

గాలికి పొయ్యి మూడుసార్లు ఆరిపోయింది. ఏజెంటు కోటు విప్పి అడ్డం పట్టాడు. నేను ఒక చేత్తో బుట్ట అంచు, ఇంకో చేత్తో కొంగు పట్టుకుని, పిల్లి కళ్ళు మూసుకున్నట్టు మూసుకున్నాను. ఆఖరికి పొంగాయి. తూర్పుకి పొంగి, నేరుగా కింద ఉన్న మేస్త్రీ పచ్చ టోపీ మీద పడ్డాయి. అతను తలెత్తి వాన పడుతోందేమో అని చెయ్యి చాచాడు. "తూర్పుకి పొంగాయా? దివ్యం!" అన్నారు ఫోనులో పంతులుగారు.

కిందకి దిగాక ఏజెంటు ఒక రంగుల కాగితం ఇచ్చి, జ్ఞాపకార్థం సంతకం పెట్టమన్నాడు. మా ఆయన చూసి, "ఇదేం కాగితమయ్యా, తేదీ లేదు, వేళ లేదు, సాక్షుల సంతకాలు లేవు!" అని కోప్పడి, అన్నీ స్వయంగా రాయించి, ఇద్దరు సాక్షుల చేత వేలిముద్రలు కూడా వేయించారు. తన ఇల్లు తనకే దొరక్కుండా చేసే కాగితాన్ని ఇంత శ్రద్ధగా రాయించిన మనిషి ఇంకొకరు ఉండరు.

రెండు నెలలకి ఆ ద్వీపం నుంచి ఉత్తరం వచ్చింది. ఇల్లు పూర్తయినందుకు అభినందనలు!

పూర్తవడమేమిటని కింద చదివితే సంగతి తెలిసింది. ఆ దేశంలో నూట యాభై ఏళ్ళ నాటి చట్టం ఒకటుంది. దాని పేరు తొలి పొయ్యి చట్టం. అప్పట్లో జాలర్లు ఒడ్డున గుడిసెలేసుకుంటే జమీందార్లు పీకి పారేసేవారట. పాపం ఎవరో మంచి మనసున్న దొర, "ఏ చోట ఎవరు మొదట పొయ్యి వెలిగించి పొంగేదాకా కాస్తారో ఆ చోటు వారి ఇల్లు. అది పూర్తయిన ఇల్లు. అందులోంచి వారిని ఎవరూ వెళ్ళగొట్టరాదు" అని రాసిపెట్టాడు. పేదవాళ్ళ కోసం రాసిన చట్టం. మా బిల్డరు చేతిలో పడింది. మేము పాలు పొంగించాం కాబట్టి ఇల్లు పూర్తయిపోయింది, పూర్తయింది కాబట్టి ఇక అతను కట్టక్కర్లేదు. అభ్యంతరం ఉంటే నెలలోగా స్వయంగా వచ్చి చెప్పుకోవాలి, లేకపోతే ఇంటిని గాలికి వదిలేసి పారిపోయినట్టు లెక్క.

మళ్ళీ విమానమెక్కాం. అక్కడ నివాస నిర్ధారణ శాఖ అని ఒక పెద్ద ఆఫీసు. ఆఫీసుకి మాత్రం గోడలన్నీ ఉన్నాయి. ప్రధానాధికారి బల్ల మీద ఒక అనువాద యంత్రం ఉంది. ఆయన వాళ్ళ భాషలో రెండు ముక్కలంటే అది తెలుగులో నాలుగు వాక్యాలు చెప్పేది. ఎవరి దగ్గర తెలుగు నేర్చుకుందో గానీ, మన పాత జీవోలన్నీ నమిలి మింగినట్టుంది.

"తమరు నిర్దిష్ట దినమున, నిర్దిష్ట ఎత్తున నిప్పు రాజేసి క్షీరమును కాచియుండుట వాస్తవమేనా?" అంది యంత్రం.

"వాస్తవమే" అన్నారు మా ఆయన ఛాతీ విరిచి.

"సదరు క్షీరము పొంగినదా?"

"తూర్పుకి పొంగింది!"

"అట్లయిన గృహము సంపూర్ణము."

నాకు ఒళ్ళు మండింది. "ఏం బాబూ, గోడలు లేవు కదా?" అన్నాను.

అధికారి జాలిగా చూశాడు. "చట్టమున గోడల ప్రస్తావన లేదు. చట్టము పొయ్యిని మాత్రమే గుర్తించును" అంది యంత్రం.

"పైకప్పు?"

"వర్షము వాతావరణ శాఖ పరిధిలోని విషయము."

"పోనీ మెట్లు? ఇంటికి ఎలా వెళ్ళమంటారు?"

"రాకపోకలు రవాణా శాఖ చూసుకొనును. ఈ శాఖ నివాసమును నిర్ధారించును గాని నివాసులను అచ్చటికి చేర్చదు."

అయితే ఆయన చెడ్డవాడు కాదు. సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. ఆ చట్టానికి ఒక్కటే మినహాయింపు ఉందట. పొయ్యి మీద పెట్టింది పాడైపోతే ఆ పొయ్యి చెల్లదు. కాబట్టి 'మేము కాచిన పాలు పొంగలేదు, విరిగిపోయాయి' అని రాసి, యజమానులిద్దరూ సంతకం పెడితే చాలు. ఇల్లు మళ్ళీ అసంపూర్ణమైపోతుంది, బిల్డరు కట్టి తీరాలి. నేను పెన్ను లాక్కుని సంతకం పెట్టేశాను. మా ఆయన వైపు ఫారం జరిపాను.

ఆయన మొహం తెల్లబోయింది. "గృహప్రవేశం పాలు విరిగాయని చేత్తో రాయమంటావా? రాశాక ఆ ఇంట్లో ఎవరైనా బతికి బట్టకడతారా?"

"ఇల్లంటూ ఉంటే కదండీ బతకడానికి!"

"ఇల్లు లేకపోతే కట్టించుకోవచ్చే. నోటితో అశుభం అనేశాక ఏం కట్టించుకుంటాం? పైగా ఆ ఫొటో మన చుట్టాల గ్రూపులో పెట్టాను. చిట్టబ్బాయి దండం బొమ్మ పెట్టాడు."

అధికారి ముందే ఈయన నెత్తి మీద ఆ యంత్రంతో ఒక్కటి వేద్దామనిపించింది. నిజంగా అనిపించింది. అది సర్కారు ఆస్తి అని ఊరుకున్నాను. సంతకం పెట్టలేదు మహానుభావుడు. అద్దె ఇల్లైనా పరవాలేదు గానీ అశుభం వద్దట.

ఒక సంతకం ఉండి ఇంకో సంతకం లేకపోవడంతో విషయం వివాదాస్పదమైంది. వివాదాస్పదమైతే తనిఖీ ఉండాలి. ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు టేపులు, పుస్తకాలు పట్టుకుని క్రేన్ ఎక్కారు. నన్నూ ఎక్కించారు, ఇంటావిడ లేకుండా ఇంట్లోకి వెళ్ళడం మర్యాద కాదట. వాళ్ళలో పెద్దాయన పదకొండో అంతస్తు రాగానే గాలిలో రెండుసార్లు వేళ్ళతో తట్టి, నేను "రండి" అనేదాకా ఆగాడు. చెప్పులు కూడా విప్పారు. విప్పిన చెప్పు ఒకటి కింద పడిపోయింది.

సాయంత్రానికి నివేదిక వచ్చింది. గాలి, వెలుతురు పుష్కలం. చెమ్మ లేదు. చెదలు లేవు. గోడలకి పగుళ్ళు ఎక్కడా కనపడలేదు. ఇరుగుపొరుగు గొడవ లేదు. నూటికి తొంభై రెండు మార్కులు. చెప్పులు పెట్టుకోవడానికి చోటు లేనందుకు ఎనిమిది తగ్గించారు. బాల్కనీకి రెయిలింగు లేనందుకు జరిమానా వేశారు.

"బాల్కనీయే లేదు కదయ్యా!" అన్నాను అధికారితో.

"లేని బాల్కనీకి రెయిలింగు కూడా లేకుండుట మరింత ప్రమాదకరము" అంది యంత్రం.

అక్కడితో అయిందా? మనుషులు కాపురముంటున్న ఇంటి కింద తవ్వడం, కొట్టడం నేరమట. అందుకని మా క్షేమం కోరి ఎనిమిది, తొమ్మిది, పది అంతస్తుల పని ఆపించారు. మా కోసం ఆ భవనం ఇక ఎన్నటికీ పెరగదు. బిల్డరు నాకు పూలగుత్తి పంపించాడు.

ఆ బిల్డరు మాత్రం తెలివైనవాడు, ఒప్పుకోవాలి. ఒక గిన్నెడు పాలతో ఒక ఇల్లు పూర్తయితే నలభై గిన్నెలతో నలభై ఇళ్ళు పూర్తవవా? మిగిలిన కొనుగోలుదారులందరికీ సెంటిమెంట్ ప్యాకేజీ ఉచితమని ప్రకటించాడు. పది దేశాలవాళ్ళు క్యూ కట్టారు. పాలు సరిపడనివాళ్ళు సూపు కాచారు. ఒకాయన గుడ్డు ఉడకబెట్టాడు, అది పొంగడం కిందకి వస్తుందా రాదా అని రెండు రోజులు చర్చ జరిగింది, వస్తుందని తేల్చారు. తొమ్మిది రోజుల్లో నలభై అంతస్తులూ పూర్తయిపోయాయి. ఒక్క బస్తా సిమెంటు కూడా ఖర్చు కాలేదు.

అది చూసి పక్క బిల్డర్లు ఊరుకుంటారా? ప్రభుత్వం ఊరుకుంటుందా? ఆ ఏడాది పధ్నాలుగు వేల ఇళ్ళు కట్టాలని పెట్టుకున్న లక్ష్యం నెల తిరక్కుండా నెరవేరిందని గృహమంత్రి టీవీలో చెప్పాడు. ఏదో ఒకటి తేలేదాకా మేము అక్కడే దిగిన లాడ్జి గదిలో టీవీకి కూడా తెలుగు యంత్రం తగిలించారు. "ఇటుకల యుగము ముగిసినది, సంకల్ప యుగము ఆరంభమైనది" అంది. రేవు దగ్గర తాటాకు నీడన పడుకునే నిరుపేదలకి తలా ఒక అగ్గిపెట్టె, అర లీటరు పాలు, ఒక ఎత్తు నంబరు ఇచ్చారు. ఫలానా వీధి మీద, నేల నుంచి అరవై అడుగుల పైన, మీ ఇల్లు. ఒక ముసలమ్మ ఆ పాలు మనవరాలికి తాగించేసిందని, ఇల్లు తాగేసిన నేరానికి ఆమెకి నోటీసిచ్చారు. ఆ వార్త విన్నప్పుడు నాకు నవ్వు రాలేదండీ. ఆ రోజు అన్నం సయించలేదు.

మా ఆయనలో మాత్రం చలనం లేదు. ఆ చలనం చిట్టబ్బాయి వల్ల వచ్చింది. "అన్నగారూ, మీ ఇల్లు చూడాలని మా ఆవిడ ఒకటే గోల. పిల్లలతో వచ్చి పది రోజులు మీ ఇంట్లోనే ఉంటాం" అని గ్రూపులో పెట్టాడు. మా ఆయన ఆ మెసేజీ నాలుగుసార్లు చదివారు. కళ్ళజోడు తుడుచుకుని ఐదోసారి చదివారు. "మాణిక్యం, ఆ ఫారం ఎక్కడుందే?" అన్నారు.

పరుగు పరుగున వెళ్ళాం. ప్రధానాధికారి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. మా ఆయన సంతకం పెట్టిన ఫారం చూసి కూర్చుండిపోయాడు.

"మహాశయా, తమ క్షీరము సామాన్య క్షీరము కాదు. తమ నిర్ధారణను ఆధారము చేసుకొని పధ్నాలుగు వేల గృహములు నిర్ధారింపబడినవి. తమ పాలు విరిగినవన్నచో ఈ దేశము నందలి గృహములన్నియు విరుగును. జాతీయ ప్రయోజనము దృష్ట్యా ఈ ఫారమును నిన్ననే రద్దు చేయడమైనది" అంది యంత్రం.

"మరి మా ఇల్లు?" అన్నాను.

"తమరికి సన్మానము చేయుటకు నిశ్చయించడమైనది."

సన్మానమట! ఈ దేశపు 'ఆద్య గృహస్థు' అనే బిరుదు మా ఆయనకి. మంత్రిగారి చేతుల మీదుగా, బిల్డరు అమ్మకాల ఆఫీసులో, కొనేవాళ్ళకి చూపించడానికి కట్టిన నమూనా ఫ్లాటులో. నేను రానన్నాను. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి, "నువ్వు లేకుండా దండ ఎలా వేయించుకోనే" అన్నారు. పాపం అనిపించి వెళ్ళాను. నలభై ఏళ్ళుగా నా చేత తప్పులన్నీ చేయించింది ఈ పాపమనిపించడమే.

లోపల అడుగుపెట్టగానే నా కాళ్ళు ఆగిపోయాయి. గోడలున్నాయి. చెయ్యి వేసి చూశాను, గట్టిగా ఉన్నాయి. కిటికీలోంచి సముద్రం కనపడుతోంది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి. ఎవరూ మోటారు కట్టేయలేదు. నల్లరాతి గట్టు మీద నాలుగు బర్నర్ల పొయ్యి, ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. కళ్యాణ మండపంలో మాకు చూపించిన బొమ్మలో ఉన్న వంటిల్లే ఇది. వీళ్ళకి ఇల్లు కట్టడం రాక కాదు. కట్టడం వచ్చు. ఒక్కటి కట్టి, దాన్ని చూపించి వెయ్యి అమ్ముకుంటున్నారు.

హాల్లో మంత్రి ఉపన్యాసం మొదలుపెట్టాడు. యంత్రం తెలుగులో చెబుతూనే ఉంది. "తొలి పొయ్యి చట్టము ఈ దేశపు ఆత్మ. దానికి మినహాయింపు లేదు, సవరణ లేదు, దానిని ప్రశ్నించువాడు దేశద్రోహి." చప్పట్లు కొట్టారు.

నేను పక్కన నిలబడ్డ ఏజెంటుని అడిగాను. "ఏం ప్రణీత్, ఈ పొయ్యి ఎప్పుడైనా వెలిగించారా?"

"లేదాంటీ! ఒక్కసారి కూడా కాదు. బ్రాండ్ న్యూ" అన్నాడు గర్వంగా.

"మంచిది నాయనా" అన్నాను. కవరు చింపాను. అతిథుల కోసం తెచ్చిన పాల డబ్బా గట్టు మీదే ఉంది. గిన్నెలో పోసి పొయ్యి వెలిగించాను. మంత్రి దేశం ఆత్మ గురించి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. పాలు పొంగాయి. గిన్నె అంచు దాటి, నల్లరాతి మీద నురగ కట్టి, చుయ్యిమని శబ్దం చేశాయి. దిక్కు చూడలేదు, తిథి చూడలేదు. ఆ పాలలోనే పొడి వేసి కాఫీ కలిపి, మంత్రికి, అధికారికి, బిల్డరుకి స్వయంగా అందించాను. చుక్క మిగలకుండా తాగారు. సాక్షులుండాలని మా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

కప్పులు కింద పెట్టాక యంత్రం ముందుకెళ్ళి అడిగాను. "అయ్యా, ఈ పొయ్యి మొదట వెలిగించింది నేను. పాలు పొంగాయి, మీరందరూ తాగారు. చట్టం ఏమంటుంది?"

బిల్డరు మొహంలో నెత్తురు చుక్క లేదు. మంత్రి అధికారి వైపు చూశాడు, అధికారి మంత్రి వైపు చూశాడు. కాదంటే పధ్నాలుగు వేల ఇళ్ళు పోతాయి. యంత్రం కాసేపు కిచకిచమని ఆఖరికి అంది. "అట్లయిన... గృహము సంపూర్ణము. నివాసిని వెళ్ళగొట్టరాదు."

"రాహుకాలంలో పొంగించావేమిటే!" అన్నారు మా ఆయన మెడలో దండతో. నేను పొయ్యి కట్టేసి, ఆయన మెడలో దండ సరిచేశాను.

అలా నాకు ఇల్లు దొరికింది. ఇప్పటికి ఐదు నెలలు. అయితే ఒక చిక్కుంది. చట్టం ఇంట్లో ఉన్నవాళ్ళని వెళ్ళగొట్టకూడదంది గానీ, బయటికెళ్ళినవాళ్ళని మళ్ళీ లోపలికి రానివ్వాలని అనలేదు. బిల్డరు మనుషులిద్దరు పెద్ద తాళం పట్టుకుని గుమ్మం దగ్గర కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఎవరో ఒకరు ఎప్పుడూ లోపలుండాలి. మా ఆయనని ఇంట్లో కూర్చోబెట్టి వెళ్ళడానికి నాకు ధైర్యం చాలదు, ఎవరైనా ముహూర్తం బాగుందంటే బయటికెళ్ళిపోతారు. అందుకని కూరలకి ఆయన, కాపలాకి నేను. దీని మీద మేము వేసిన అప్పీలు విచారణ తొమ్మిదేళ్ళ తరువాతట. చిట్టబ్బాయి రావడం మానుకున్నాడు. గ్రూపులో మాత్రం దండాలు పెడుతూనే ఉన్నాడు.

ఇక బిల్డరు. వారం రోజులు ఏడ్చి, ఎనిమిదో రోజుకి తేరుకున్నాడు. నమూనా ఫ్లాటుకి అమ్మకాల ఆఫీసు వైపు గోడ గాజు అద్దంది. ఇప్పుడు కొనేవాళ్ళని ఆ అద్దం దగ్గరికి తీసుకొచ్చి నన్నే చూపిస్తున్నాడు. 'మా ఇళ్ళలో ఆనందంగా జీవిస్తున్న కుటుంబం' అని కొత్త కరపత్రంలో నేను పెసరట్టు తిరగేస్తున్న ఫొటో వేశాడు. నేను అద్దం మీద గరిటతో కొట్టి, "మోసపోకండి, వెళ్ళిపోండి!" అని అరుస్తాను. ఆవిడ మిమ్మల్ని భోజనానికి పిలుస్తోందని ఏజెంటు వాళ్ళకి చెబుతాడు. వాళ్ళు చెయ్యి ఊపి, సంతకాలు పెట్టడానికి వెళ్ళిపోతారు.

నిన్న తెనాలి నుంచి ఒక జంట వచ్చింది. నా ఈడువాళ్ళే. తెలుగు మాట వినపడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. తలుపు సందులోంచి ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను, కాఫీ ఇచ్చాను, డాబా ఇల్లు అమ్మిన దగ్గర్నుంచి ఈ అద్దం దాకా, మీకు చెప్పినట్టే, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. వాళ్ళ ఒప్పందంలో నలభై ఏడో పేజీ చదివి వినిపించాను. ఆవిడ శ్రద్ధగా వింది. రేవు దగ్గర ముసలమ్మ సంగతి చెప్పినప్పుడు కళ్ళు తుడుచుకుంది. "ఎంత కష్టం పడ్డారక్కా" అని నా రెండు చేతులూ పట్టుకుంది. హమ్మయ్య, ఒక్క మనిషినైనా ఆపగలిగాను అనుకున్నాను.

ఆవిడ లేచి, గుమ్మం దాకా వెళ్ళి, మొగుడు వింటున్నాడేమోనని అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, మా వియ్యాలవారితో కలిపి పద్దెనిమిదిమంది వస్తున్నాం. ఆ క్రేన్ బుట్టలో అందరం పడతామంటారా?"